మన క్యారెక్టర్ ఎవరు రాశారు?

(కర్లపాలెంలో మన పిల్లలం కథలు చదువుకోడానికి కూర్చున్న రోజు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రాసి పెడుతున్నాను. కొంచెం పొడుగుంది, ఓపిగ్గా చదవండి.)



నా తోటివాళ్ళకి, నాకంటే చిన్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ముందుగా ఒక ప్రశ్న. మీలో ఎంతమంది దగ్గర క్యారెక్టర్ సర్టిఫికెట్ ఉంది?

డిగ్రీ అయినవాళ్ళందరి దగ్గరా ఉంటుంది. నా దగ్గరా ఉంది. టీసీతో పాటు ఇచ్చారు. ప్రవర్తన సంతృప్తికరం అని ఒక్క ముక్క, కింద సంతకం, గుండ్రటి ముద్ర. మూడేళ్ళు ఆ కాలేజీలో చదివాను. స్నేహం చేశాను, దెబ్బలాడాను, ఒక పరీక్ష తప్పి మళ్ళీ రాశాను. ఆ కాగితంలో ఇవేవీ లేవు. అది చదివి నేనెట్టాంటోణ్ణో ఎవరూ చెప్పలేరు.

క్యారెక్టర్ అనే ఇంగ్లీషు మాట మన నోట్లోకొచ్చి రెండు పనులు చేస్తోంది. సినిమా చూసొచ్చి "ఆయన క్యారెక్టర్ బాగుందిరా" అంటాం. అక్కడ పాత్ర అని అర్థం. ఎవరి గురించో చాటుగా "వాడి క్యారెక్టర్ మంచిది కాదు" అంటాం. అక్కడ గుణం అని అర్థం. వేరే వాళ్ళకి ఈ రెండూ వేరు వేరు సంగతులు. మనకి మాత్రం రెండూ ఒకటైపోయాయి. కథల్లో, సినిమాల్లో మనకి ఏ పాత్ర ఇచ్చారో, బయట మన గుణం అదే అనుకున్నారు. బయట ఏ గుణం అంటగట్టారో, కథల్లో అదే పాత్ర ఇచ్చారు.

నాకు ఇది ఏడో తరగతిలో తెలిసింది. క్లాసులో ఒక పిల్లాడి జామెట్రీ బాక్స్ కనపడలేదు. నలభై మంది పిల్లలున్నారు. ముందు తెరిచింది నా సంచి. అందులో అన్నం గిన్నె, రెండు పుస్తకాలు తప్ప ఏమీ లేవు. మర్నాడు ఆ బాక్స్ ఆ పిల్లాడి ఇంట్లోనే దొరికింది. నా సంచి ఎందుకు ముందు తెరిచారని ఎవరూ అనుకోలేదు. నేనూ అడగలేదు. యానాదోళ్ళ పిల్లాడిని గదా. నేను ఆ బడి గుమ్మం తొక్కక ముందే నా క్యారెక్టర్ రాసి పెట్టి ఉంది.

దాన్ని ఎవరు రాశారు, ఎట్టా రాశారు? కథలు రాసేవాళ్ళు మనుషుల్ని కాగితం మీద ఎట్టా తయారు చేస్తారు? మనం రాసేటప్పుడు ఎట్టా చెయ్యాలి? ఇవాళ నేను మాట్లాడేది ఇంతవరకే.

ఒక్క వాక్యంలో తేల్చేసిన మనుషులు

కర్లపాలెం నుంచి బాపట్ల ఎంతో దూరం లేదు. బాపట్లలో చీరాల వైపు పోయే ప్యాసింజర్ ఎక్కితే దారిలో స్టువర్టుపురం స్టేషన్ వస్తుంది. ఆ బోర్డు కనపడగానే పెట్టెలో కొందరు సంచులు దగ్గరికి లాక్కుంటారు. మీరూ చూసే ఉంటారు.

ఆ ఊరు దానంతట అది పుట్టిన ఊరు కాదు. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించి, ఎరుకల వాళ్ళ కోసం ఇక్కడ సెటిల్మెంట్ పెట్టించారు. హెరాల్డ్ స్టువర్ట్ అనే తెల్ల అధికారి పేరు ఊరికి పెట్టారు. సెటిల్మెంట్లో ఉన్నవాళ్ళు హాజరు పలకాలి, వేలిముద్రలివ్వాలి, పాసు లేకుండా పొలిమేర దాటకూడదు.

అంతకు ముందు ఎరుకల వాళ్ళు ఏం చేసేవాళ్ళు? ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు. బుట్టలల్లేవాళ్ళు, పందుల్ని మేపేవాళ్ళు, ఆడవాళ్ళు సోది చెప్పేవాళ్ళు. ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది, రైళ్ళు వచ్చాయి, తిరుగుడు వ్యాపారం దెబ్బతింది. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి ఈ సంగతులన్నీ తవ్వి తీసి 2001లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశారు. చదవగలిగినవాళ్ళు చదవండి.

చట్టం ఈ కథంతా పక్కన పెట్టింది. అప్పటి అధికారుల వాదన ఏందంటే, ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, నేతగాడి కొడుకు నేతగాడవుతాడు, కాబట్టి దొంగ కొడుకు దొంగే అవుతాడు. ఒక జాతిని జాతిగా రిజిస్టరులో ఎక్కిస్తే చాలు, లోపల మనిషి ఎవరనేది చూడక్కర్లేదు. పుట్టిన బిడ్డ ఏం చెయ్యబోతుందో ముందే రాసేశారు.

మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆ చట్టం పోయింది. అనంతశయనం అయ్యంగార్ గారి కమిటీ విచారించాక 1952లో దేశమంతా పోయింది. ఎరుకల, యానాది షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి వచ్చాయి. చట్టం పోయింది గానీ, అది రాసిన ఆ ఒక్క వాక్యం పోలేదు. నా సంచి తెరిచిన చేతికి ఆ చట్టం పేరు కూడా తెలియదు. వాక్యం మాత్రం తెలుసు.

రాసేవాళ్ళు పాత్రని ఎట్టా చూపిస్తారు?

ఇప్పుడు కథల్లోకి వద్దాం.

పాత్రని చెప్పడానికి రెండు దారులున్నాయి. మొదటిది, రచయితే చెప్పెయ్యడం. "రాముడు మంచివాడు", "సోముడు పిసినారి" అని. ఇది తప్పేం కాదు, పెద్ద పెద్ద రచయితలూ వాడతారు. త్వరగా పని అయిపోతుంది. కానీ చదివేవాడు రచయిత మాట నమ్మాలి తప్ప తను చూసి తెలుసుకోడానికి ఏమీ ఉండదు. రిజిస్టరు చేసింది ఇదే. క్యారెక్టర్ సర్టిఫికెట్ చేసేదీ ఇదే.

రెండోది, మనిషిని మన ముందు నిలబెట్టి చూడనివ్వడం. వాడు ఏం చేస్తాడు, ఎట్టా మాట్లాడతాడు, ఎవరూ చూడనప్పుడు ఎట్టా ఉంటాడు, ఇరుక్కున్నప్పుడు ఏది ఎంచుకుంటాడు, పక్కవాళ్ళు వాడి గురించి ఏమంటారు. ఇవన్నీ చూసి చదివేవాళ్ళే ఒక అభిప్రాయానికి వస్తారు. తర్వాత ఇంకో సంగతి తెలిసి ఆ అభిప్రాయం మార్చుకుంటారు. అట్టా మార్చుకోవాల్సి వచ్చిందంటే పాత్రలో ప్రాణం ఉన్నట్టు.

ఫార్‌స్టర్ అనే ఇంగ్లీషు రచయిత 1927లో నవల గురించి రాస్తూ పాత్రలు రెండు రకాలన్నాడు. బల్లపరుపు పాత్రలు, గుండ్రటి పాత్రలు. బల్లపరుపు పాత్రని ఒక్క వాక్యంలో చెప్పెయ్యొచ్చు, కథంతా అట్టాగే ఉంటుంది. గుండ్రటి పాత్ర మనల్ని నమ్మేటట్టుగా ఆశ్చర్యపెడుతుంది. ఈ మాట చదివినప్పుడు నాకు స్టువర్టుపురమే గుర్తొచ్చింది. ఒక ఊరి ఊరినే బల్లపరుపు చేసేశారు గదా.

మన తెలుగులో, అందులోనూ మన చుట్టుపక్కల వాళ్ళు ఎట్టా రాశారో చూద్దాం.

లోపలి మాటతో చూపించడం ఒక పద్ధతి. గోపీచంద్ గారి 'అసమర్థుని జీవయాత్ర' తీసుకోండి. ఆయన తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి గారు ఉన్నది మన తెనాలిలోనే. ఆ నవలలో సీతారామారావు బయటికి ఒకటి మాట్లాడతాడు, లోపల ఇంకోటి అనుకుంటాడు. తనని తాను వెనకేసుకొస్తాడు, వెంటనే తనే తిట్టుకుంటాడు. మనకి వాడి మీద జాలి, కోపం ఒకేసారి వస్తాయి. ఒక మనిషి బుర్రలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టడం అంటే అది. ఇప్పుడు ఒక మాట అడుగుతాను. తెలుగు కథల్లో ఒక యానాది మనిషి బుర్రలో అట్టా ఎన్నిసార్లు కూర్చున్నారు మీరు? మన మనిషి చేలో కనపడతాడు, గట్టు మీద కనపడతాడు, పోలీస్ స్టేషన్లో కనపడతాడు. లోపల ఏమనుకుంటున్నాడో రాసినవాళ్ళు తక్కువ.

కాలంతో పాటు పెంచుకుంటూ పోవడం ఇంకో పద్ధతి. కొడవటిగంటి కుటుంబరావు గారు తెనాలిలో పుట్టినాయన. ఆయన 'చదువు' నవల సుందరం అక్షరాభ్యాసం దగ్గర మొదలవుతుంది. పిల్లాడు పెద్దవుతుంటే దేశమూ మారిపోతుంటుంది. ఏ ఒక్క పేజీలోనూ "ఇదిగో ఇక్కడ మారాడు" అని వేలు పెట్టి చూపించలేం. పుస్తకం అయ్యాక వెనక్కి చూస్తే చాలా దూరం వచ్చాడనిపిస్తుంది. మన ఇళ్ళల్లో మొదటి తరం చదువుకున్న పిల్లలు ఎంతమంది ఉన్నారు! మనం బడికి పోయి మారిన తీరు, మారినందుకు ఇంట్లో మనకీ అమ్మానాయనలకీ మధ్య వచ్చిన ఎడం, ఇట్టాంటి నవలకి సరిపోయే సరుకే.

పనితో చూపించడం మూడో పద్ధతి. డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' చదవండి. పొద్దుగూకినా ఇంటికి రాని పంది కోసం ఒక ముసలాయన అడవిలోకి పోతాడు. నవలంతా ఆ ఒక్క రాత్రే. ఆయనకి పేరు లేదు. ఆయన మంచివాడో చెడ్డవాడో రచయిత సర్టిఫికెట్ ఇవ్వడు. కాలి కింద నేల ఎట్టా ఉందో, ఏ చప్పుడు ఏ జంతువుదో ముసలాయనకి తెలిసిన తీరు చూస్తూ చూస్తూ, ఆయనెవరో మనకి తెలిసిపోతుంది. అడవి గురించి ఆయనకున్న తెలివే ఆయన క్యారెక్టర్. ఈయనే యానాదుల మీద 'చివరి గుడిసె' అనే నవల కూడా రాశారు. అది మన వాళ్ళు తప్పకుండా చదవాల్సింది. చదివి, ఎక్కడ సరిగ్గా పట్టుకున్నారో, ఎక్కడ మనం ఇంకోలా చెప్పేవాళ్ళమో మాట్లాడుకోవాల్సింది.

ఒకే ఇంట్లో ఇద్దరు

ఇంకో పుస్తకం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'. ఆయన మన పాత గుంటూరు జిల్లా మనిషి. జైల్లో కూర్చుని రాశారు. 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. స్టువర్టుపురం సెటిల్మెంట్ పుట్టి పదేళ్ళు కూడా కాలేదప్పటికి.

అందులో రామదాసు అని ఒక మాల రైతు. భక్తుడు, తత్వం తెలిసినవాడు. ఆయన కొడుకు సంగదాసుని ఊరి పెత్తందారు చౌదరయ్య చంపేస్తాడు. అన్యాయం ఒక్కటే, ఇల్లు ఒక్కటే. కానీ తండ్రి ఒక దారి పట్టాడు, ఇంకో కొడుకు వెంకటదాసు ఇంకో దారి పట్టాడు. తండ్రి సహిస్తాడు, దేవుణ్ణి నమ్ముతాడు, పగ వద్దంటాడు. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడు అనే పేరు పెట్టుకుని ఉన్నవాళ్ళని కొట్టి లేనివాళ్ళకి పంచుతాడు. చివరికి రామదాసు కుటుంబం కూడా సెటిల్మెంటుకి చేరాల్సి వస్తుంది.

ఇందులో కథానాయకులు మన వాళ్ళు కాదు, మాల సోదరులు. అయినా మనకి ఇది ఎందుకు ముఖ్యమో చెబుతాను. చట్టం ఏమంది? రక్తంలోనే ఉంది, వంశంలోనే ఉంది అంది. ఉన్నవ గారు చట్టాన్ని తిడుతూ వ్యాసం రాయలేదు. ఒకే రక్తం ఉన్న తండ్రీకొడుకులని పక్కపక్కన నిలబెట్టారు. ఒకే దెబ్బ తగిలింది, ఇద్దరూ రెండు రకాలుగా తిరిగారు. కొడుకు దొంగతనానికి తేదీ ఉంది, కారణం ఉంది, వాడు ఎంచుకున్న క్షణం ఉంది. అది చదివాక "వీళ్ళు పుట్టుకతోనే ఇంత" అనే మాట నిలబడదు. పాత్రని సరిగ్గా పెంచితే అది ఒక్కో చోట చట్టానికి జవాబు చెబుతుంది.

అందుకే నాకు ఇట్టా అనిపిస్తుంది. రిజిస్టరు గుంపు దగ్గర మొదలుపెట్టి మనిషి మీదికి వస్తుంది. "వీళ్ళు ఇట్టాంటోళ్ళు, కాబట్టి వీడూ ఇట్టాంటోడే." మంచి కథ మనిషి దగ్గర మొదలవుతుంది. ఆ రోజు, ఆ చేలో, ఆ మనిషి, ఎందుకు అట్టా చేశాడు?

వేషం ఇచ్చారు, మనిషినివ్వలేదు

మన వాళ్ళు తెలుగు కథల్లో లేరని కాదు. పాత యక్షగానాల్లో ఎరుకలసాని వచ్చి తీరాలి. నాయిక విరహంతో ఉంటుంది, ఎరుకలసాని బుట్ట పెట్టుకుని వచ్చి చెయ్యి చూసి సోది చెప్పి పోతుంది. శ్రీనివాస కల్యాణం కథ మీ అందరికీ తెలుసు. ఆకాశరాజు ఇంటికి సోది చెప్పడానికి వచ్చిన ఎరుకలసాని ఎవరు? సాక్షాత్తు వెంకటేశ్వరస్వామి. స్వామే వేషం వేసుకొచ్చాడు.

చిన్నప్పుడు నాకు ఇది గొప్పగా ఉండేది. దేవుడు మన వేషం వేసుకున్నాడు గదా అని. తర్వాత ఆలోచిస్తే ఇంకోటి కనపడింది. ఆ చీర, ఆ బుట్ట, ఆ మాట ఎరుకల ఆడమనిషివి. లోపలున్నది ఆమె కాదు. ఆమె ఆ రాజుగారి ఇంటి నుంచి బయటికొచ్చాక ఎక్కడికి పోయింది? ఇంటికి పోయి ఏం వండుకుంది? రోజంతా అందరి మంచి చెడ్డలు చెప్పే ఆమెకి తన కూతురి గురించి ఏం బెంగ ఉంది? ఈ ప్రశ్నలు అడిగే అవసరం ఆ కథకి లేదు. ఆమె కథలో పని చేసిపెట్టి పోయే మనిషి.

సినిమాల సంగతి మీకే తెలుసు. 1991లో ఒక్క ఏడాదే 'స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్', 'స్టువర్టుపురం దొంగలు' అని రెండు సినిమాలొచ్చాయి. తెర లేవక ముందే ఊరి పేరు పక్కన ఏ మాట పెట్టారో చూడండి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చినప్పుడు టీజర్ మీద ఎరుకల వాళ్ళ తరఫున హైకోర్టులో పిటిషన్ కూడా పడింది. దొంగ మీద సినిమా తియ్యకూడదని నేను అనను. దొంగకి కూడా కథ ఉంటుంది. కానీ అదే ఊళ్ళో టీచర్లున్నారు, ఉద్యోగులున్నారు, పొలం చేసుకునేవాళ్ళున్నారు, పరీక్షలకి చదువుకుంటున్న పిల్లలున్నారు. వాళ్ళలో ఒక్కళ్ళని కూడా హీరోగా చూడలేదు మనం. వేరే ఊళ్ళో ఒకడు దొంగైతే అది వాడి కథ. మన ఊళ్ళో ఒకడు దొంగైతే అది ఊరి పేరు.

నేను చేసిన తప్పు

ఇంతవరకూ వేరేవాళ్ళని అన్నాను. ఇప్పుడు నా వంతు.

డిగ్రీ రెండో ఏడు నేను ఒక కథ రాశాను. మా నాయన మీద. మా నాయన వరి చేలల్లో ఎలుకలు పట్టేవాడు. ఇప్పుడు రొయ్యల చెరువు కాపలాకి పోతున్నాడు. ఎలుక బొక్క చూసి అందులో ఎలుక ఉందో లేదో మట్టిని బట్టి చెప్పేవాడు. కుండలో గడ్డి కుక్కి నిప్పు పెట్టి బొక్కలోకి పొగ ఊదేవాడు. బొక్కలో ఎలుకలు దాచుకున్న వరి కంకులు తవ్వి తెస్తే మాకు అన్నం.

నా కథలో నాయన ఎండలో మాడాడు. ఆసామి తిట్టాడు. నాయన తల దించుకున్నాడు. పొగ కళ్ళల్లో పడి కన్నీళ్ళు కార్చాడు. ఇంటికొచ్చి ఆకలితో పడుకున్నాడు. చివర్లో సూర్యుడు అస్తమించాడు. చదివిన స్నేహితులందరూ ఏడ్చారు. నాకు గర్వం వేసింది.

ఇంటికొచ్చి మా చెల్లికి చదివి వినిపించాను. అంతా విని ఒకటే మాటంది. "అన్నా, ఇందులో నాయన ఒక్కసారి కూడా నవ్వలేదేంది?"

నాకు జవాబు తోచలేదు. మా నాయన పొద్దస్తమానం నవ్వే మనిషి. పట్టిన ఎలుకలకి ఊళ్ళో ఆసాముల పేర్లు పెట్టేవాడు. లావు ఎలుక దొరికితే "ఇదిగో ప్రెసిడెంటు గారు" అనేవాడు. అమ్మ దగ్గర బీడీల లెక్క దాచేవాడు. సినిమా పాటలు తప్పు తప్పుగా పాడేవాడు. కోపం వస్తే రెండు రోజులు మాట్లాడడు. ఇదంతా నా కథలో లేదు. ఎందుకు లేదంటే, చదివేవాళ్ళు జాలిపడాలని నేను ముందే తీర్మానించుకున్నాను. జాలికి పనికిరాని సంగతులన్నీ తీసేశాను.

రిజిస్టరు రాసినవాడు మా నాయనని ఒక్క వాక్యంలో దొంగ అని రాశాడు. నేను ఒక్క వాక్యంలో బాధితుడు అని రాశాను. రెండింట్లోనూ ఆయన ఏమీ ఎంచుకోడు, ఏమీ కోరుకోడు. ఉద్యమంలో ఉన్న మనందరం ఇది ఒప్పుకోవాలి. మన పోస్టుల్లో, మన కథల్లో మన మనుషులు ఏడుస్తారు, లేకపోతే పిడికిలెత్తుతారు. మధ్యలో ఉన్న బతుకంతా ఎక్కడికి పోయింది?

చెల్లి ఇంకో సంగతి కూడా గుర్తు చేసింది. "తోక సంగతి రాయలేదేంది?" అంది.

ఆ తోక సంగతి ఇది. ఎలుకకి ఇంతని ఆసామితో మాట. లెక్క కోసం తోకలు చూపించాలి. ఒకసారి ఆసామి పొట్టి తోకలన్నీ పక్కకి నెట్టి, ఇవి పిల్లలు, వీటికి డబ్బుల్లేవు అన్నాడు. పిల్లెలుక పెరిగితే చేను తినదా? నాయన ఏమీ అనలేదు. మర్నాడు పొడుగు తోకలు ఏరి, ఒక్కోదాన్ని రెండు ముక్కలు చేసి, నిన్న పోయిన లెక్క సరిచేసుకున్నాడు. పక్కన గట్టు మీద కూర్చుని చెల్లి చూసింది. నాయన దాని వంక చూసి, "అమ్మడూ, ఎవరికీ చెప్పమాకు" అని నవ్వాడు.

నేను ఈ సంగతి కావాలనే రాయలేదు. భయపడ్డాను. రాస్తే "చూశారా, యానాదోళ్ళు మోసం చేస్తారని మేం చెప్పలేదా" అంటారని. మీకూ ఈ భయం ఉంటుంది. ఉండాలి కూడా, ఎందుకంటే బయట అనేవాళ్ళున్నారు. మన మనిషి ఒక్కడు తప్పు చేసినట్టు రాస్తే, ఆ తప్పు ఊరందరి ఖాతాలో పడుతుంది. అందుకని మన వాళ్ళని దేవుళ్ళలాగా రాస్తాం. తప్పు చెయ్యని మనిషి ఎవరూ నమ్మే మనిషి కాదు. మనల్ని కాపాడదామని రాసిన పాత్ర చివరికి మనల్ని కూడా నమ్మించదు.

మహారాష్ట్రలో లక్ష్మణ్ గాయక్వాడ్ అని ఒక రచయిత. ఆయన పుట్టిన జాతినీ ఇంగ్లీషువాళ్ళు నేరస్థ జాతి అన్నారు. 1987లో ఆయన తన జీవితకథ రాసి, తమని తిట్టడానికి వాడే మాటనే దానికి పేరుగా పెట్టారు. 'ఉచల్యా'. మరుసటి ఏడాదే సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అది కల్పన కాదు, సొంత బతుకు. తన ఇంట్లో జరిగిన దొంగతనాలు ఆయన దాచలేదు. ఆకలి ఎట్టా ఉండేదో, పోలీసులు ఎట్టా కొట్టేవాళ్ళో, ఎవరు ఎందుకు ఆ పనికి పోయారో అన్నీ పక్కనే రాశారు. చదివినవాడు ఆ తప్పుని తీసుకుని జాతి మీద వెయ్యలేడు. ఎందుకంటే అప్పటికే వాళ్ళు ఒక జాతిగా కాక, ఒక్కొక్కరుగా కళ్ళ ముందున్నారు.

అప్పుడు నేను మా నాయన కథ మళ్ళీ రాశాను. ఎండ తీసెయ్యలేదు, ఆసామి తిట్టు తీసెయ్యలేదు. వాటి పక్కన నవ్వు పెట్టాను, బీడీల లెక్క పెట్టాను, తోక పెట్టాను. పొట్టి తోకలు నెట్టేసిన ఆసామి చెయ్యి ముందు పెట్టాను, నాయన కత్తి తర్వాత పెట్టాను. ఆ వరస చాలా ముఖ్యం. కారణం ముందు, పని తర్వాత. ఈసారి చదివినవాళ్ళు ఏడవలేదు. నవ్వారు. నవ్వి, కాసేపటికి ఊరుకుండిపోయారు. ఒకాయన "మీ నాయనని ఒకసారి చూడాలయ్యా" అన్నాడు. జాలిపడ్డవాళ్ళెవరూ మొదటి కథ చదివి ఆ మాట అనలేదు.

నాయనకి కూడా చదివి వినిపించాను. తోక దగ్గరికి వచ్చేసరికి గొంతు వణికింది నాకు. ఆయన విని, "రెండు ముక్కలు కాదురా, ఒకదాన్ని మూడు చేశా" అన్నాడు.

మీరు రాసేటప్పుడు

మీలో కొందరు రాస్తున్నారు, ఇంకొందరు రాయాలనుకుంటున్నారు. నాకు తెలిసినంతలో నాలుగు మాటలు చెబుతాను.

ఒక మనిషిని ఎంచుకోండి. జాతిని కాదు, మనిషిని. మీ అవ్వ కావచ్చు, మీ మామ కావచ్చు. ఆమెకి ఏం కావాలో ముందు కనుక్కోండి. పెద్ద కోరిక అక్కర్లేదు. కరెంటు మీటరు కావచ్చు, కులం సర్టిఫికెట్ కావచ్చు, కూతురికి వెండి పట్టీలు కావచ్చు. కోరిక ఉంటే మనిషి కదులుతుంది.

ఆ కోరికకి ఒక అడ్డం పెట్టండి. అప్పుడు ఆమె ఏం చేస్తుందో చూడండి. సులువుగా ఉన్నప్పుడు అందరూ మంచివాళ్ళే. ఇరుక్కున్నప్పుడు ఏది వదిలి ఏది పట్టుకుంటుందో అక్కడ పాత్ర బయటపడుతుంది.

ఆమె మాట ఆమెకే వదిలెయ్యండి. మన ఇళ్ళల్లో మాట్లాడే తీరుని పుస్తకం భాషలోకి మార్చి ఇస్త్రీ చెయ్యమాకండి. ఎరుకల పిల్లలకైతే సొంత భాషే ఉంది. ఇంట్లో ఒక భాష, బజార్లో ఒక భాష మాట్లాడే మనిషి ఎక్కడ ఏ భాషలోకి మారతాడో గమనిస్తే, సగం క్యారెక్టర్ అక్కడే దొరుకుతుంది.

ఆమె గురించి మీకు నచ్చని సంగతి ఒకటి రాయండి. ఆమె నవ్వే సంగతి కూడా ఒకటి రాయండి. అంతా అయ్యాక ఆమెకే చదివి వినిపించండి.

చదవడం మానమాకండి. పలమనేరు బాలాజీ గారు ఎరుకల బతుకుల మీద రాసిన 'ఏకలవ్య కాలనీ' కథలు తెచ్చుకుని చదవండి. నేను చెప్పిన పాత నవలలు చదవండి. చదివేటప్పుడు ప్రతి పాత్ర దగ్గరా ఆగి, ఇది నాకు రచయిత చెప్పాడా, నేను చూసి తెలుసుకున్నానా అని అడగండి. పేపర్లో "ముఠా పట్టివేత" అనే వార్త చదివినప్పుడు కూడా అదే ప్రశ్న అడగండి. అందులో కులం పేరు ఎందుకు రాశారు, మిగతా వార్తల్లో ఎందుకు రాయలేదు అని అడగండి.

పాత్ర అంటే మన భాషలో గిన్నె కూడా. ఇన్నాళ్ళూ మన గిన్నెలో వేరేవాళ్ళు ఏది పోస్తే అదే ఉంది. ఇక మీదట మనం వండుకున్నది మనమే పోసుకుందాం. ఉప్పు ఎక్కువైనా, తక్కువైనా మన చేతి వంట.

నా సంచి తెరిచినప్పుడు నా వయసు పన్నెండేళ్ళు. ఇవాళ ఇక్కడ ముందు వరసలో కూర్చున్న పిల్లల వయసూ అంతే ఉంటుంది. ఏదో ఒక బడిలో, ఏదో ఒక రోజు, ఏదో ఒకటి కనపడకుండా పోతుంది. అప్పుడు ఆ టీచరు గారికి మన పిల్లాణ్ణి చూడగానే రిజిస్టరులో వాక్యం గుర్తు రాకూడదు. ఎప్పుడో చదివిన కథలో, తోకని మూడు ముక్కలు చేసి నవ్విన మనిషి గుర్తు రావాలి. ఆ మనిషికి ఒక కొడుకు ఉండి ఉంటాడని, వాడు అన్నం గిన్నె, రెండు పుస్తకాలు పెట్టుకుని బడికి వచ్చి ఉంటాడని తట్టాలి. ఆ కథ రాయాల్సింది మనమే.